తొట్టెలకూ మంచానికీ నడుమ

జనగామ–సూర్యాపేట రోడ్డు మీది తిరుమలగిరిలోనైనా, చుట్టుపక్కల పల్లెల్లోనైనా బిడ్డ పుట్టిన ఇరవై ఒకటో రోజున చుట్టాలను పిలిచి తొట్టెల వేస్తారు. మన పిల్లలకు విడిగా పండే అలవాటే లేదని, అది పరాయి దేశాల పద్ధతని అనేవాళ్లు ఈ వేడుకను మరిచిపోతున్నారు. మూడు వారాల బిడ్డకు తనదంటూ ఒక పడక ఇచ్చి, నలుగురి ముందు అందులో పండబెడుతున్నాం కదా. అమ్మ పాత చీరె దూలానికి కట్టినా, కర్ర తొట్టెల కొన్నా అది బిడ్డ సొంత చోటే. అయితే దాన్ని ఎక్కడ కడతామో చూడాలి. వంట చేసే తల్లికి కనబడేటట్టు, తాడు లాగితే ఊగేటట్టు, ఇంట్లో మాటలు బిడ్డ చెవిన పడేటట్టు కడతాం. పడక వేరు, మనుషులు దగ్గర. రెండేళ్ల పిల్లను సొంత మంచం మీదికి మార్చాలనుకునే తల్లిదండ్రులు పట్టుకోవలసింది ఈ ఏర్పాటునేనని నా గట్టి నమ్మకం.

తొట్టెల పట్టనంత ఎదిగాక పిల్ల తల్లి పక్కలోకి చేరుతుంది. ఇదివరకు అక్కడి నుంచి నేరుగా ఒంటరి మంచానికి పోయేది కాదు. పాలు మాన్పించేటప్పుడో, తల్లి మళ్లీ నీళ్లోసుకున్నప్పుడో నాయనమ్మ పక్కకు మారేది. అదే ఇల్లు, అదే బొంత, పక్కన వెచ్చగా ఒక మనిషి. తగ్గింది పాల వాసన ఒక్కటే. ఎండాకాలం వాకిట్లో మంచాలు వరసగా వేసినప్పుడు ఒక రాత్రి తాత దగ్గర, ఒక రాత్రి మేనత్త దగ్గర పండుతూ, ఎన్నడు విడిగా పండడం నేర్చిందో ఎవరూ పట్టించుకోకముందే నేర్చేసేది. ఉప్పల్‌లోనో ఎల్బీనగర్‌లోనో అద్దె ఇంట్లో ఉంటున్న కుటుంబానికి నిచ్చెనలో ఆ నడిమి మెట్టు లేదు. నాయనమ్మ ఊర్లో ఉంది. తల్లి ఒడిలో నుంచి ఖాళీ మంచం మీదికి పిల్ల ఒక్క దూకున పోవాలి. అప్పుడు వచ్చే ఏడుపును గారాబం చేసి చెడగొట్టినందువల్ల వచ్చిందనడం అన్యాయం. తనను దూరం పెట్టారేమోనన్న భయం అది.

పిల్ల తన గదిలో తాను పండాలన్న పట్టుదల పిల్లలకు వేరే గది ఉన్న ఇళ్లలో పుట్టింది. అమెరికాలో 1985లో రిచర్డ్ ఫెర్బర్ రాసిన పుస్తకం పిల్లలను కొద్దికొద్దిగా సమయం పెంచుతూ ఏడవనిచ్చే పద్ధతికి పేరు తెచ్చింది. తల్లిదండ్రుల పక్కలో పండడాన్ని మొదట్లో కాదన్న ఆయనే 2006 నాటి కూర్పులో ఆ మాటను సడలించారు. 1995లో రిచర్డ్ ష్వెడర్ బృందం భువనేశ్వర్ కుటుంబాల పడక ఏర్పాట్లను షికాగోలోని కుటుంబాలతో పోల్చింది. పసివాళ్లను రాత్రిపూట ఒంటరిగా వదలకూడదన్నది ఒడియా ఇళ్లలో ముఖ్యమైన నీతిగా వాళ్లకు కనబడింది. మన ఇళ్లదీ అదే నీతి. పక్కలో పండిన పిల్లలు పిరికివాళ్లవుతారన్న ఆక్షేపణకు కాలిఫోర్నియాలో 205 కుటుంబాలను పద్దెనిమిదేళ్లు గమనించి 2002లో వెలువరించిన అధ్యయనం సమాధానం చెబుతుంది: పద్దెనిమిదో ఏట వాళ్లలో దానివల్ల వచ్చిన కీడేమీ కనబడలేదు.

మరి మార్చడమెందుకు? ఏడాది లోపు బిడ్డ సంగతి వేరు. పెద్దల మెత్తటి పరుపు, దిండ్లు, బరువైన దుప్పట్లు ఆ వయసులో ఊపిరికే ప్రమాదం. విడి పడక మంచిదని, అది తల్లిదండ్రుల గదిలోనే ఉండాలని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ చెప్పేది అందుకే. ఏడాది దాటాక అసలు కారణం నిద్రే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 లెక్క ప్రకారం ఒకటి రెండేళ్ల పిల్లలకు పగటి కునుకుతో కలిపి 11 నుంచి 14 గంటలు, మూడు నాలుగేళ్ల వాళ్లకు 10 నుంచి 13 గంటలు నిద్ర కావాలి. పెద్దల మంచం మీద పిల్ల నిద్ర పెద్దల టీవీకీ ఫోనుకూ కట్టుబడి ఉంటుంది. మళ్లీ కడుపుతో ఉన్న తల్లికైతే రాత్రంతా తన్నులు కూడా. ఏడవనిస్తే నాలుగు రోజుల్లో అలవాటవుతుంది కదా అనే వాళ్ల మాటలో నిజం లేకపోలేదు. మెల్‌బోర్న్‌లో 326 మంది పిల్లలను ఏడో నెల నుంచి ఆరేళ్ల దాకా చూసి 2012లో ప్రకటించిన ఫలితాల్లో అటువంటి శిక్షణ వల్ల శాశ్వతమైన హాని కనబడలేదు. శాశ్వతమైన లాభమూ కనబడలేదు. అక్కడి తల్లులకు నేర్పిన రెండు పద్ధతుల్లో ఒకటి, మంచం పక్కన కూర్చుని రోజురోజుకూ కొంచెం కొంచెంగా దూరం జరగడం. చివరికి తేడా లేనప్పుడు, ఏడుపు తక్కువున్న ఆ దారినే నేను ఎంచుకుంటాను.

మన ఇళ్లకు కుదిరేదీ అదే. 2015లో మొదలైన ప్రభుత్వ పథకం కింద కట్టిన డబుల్ బెడ్రూం ఇల్లు 560 చదరపు అడుగులు; అందులో పసిపిల్లకు ఒక గది కేటాయించమనడం అర్థం లేని మాట. పెద్ద మంచానికి ఆనించి ఎత్తు తక్కువ మంచమో, నేల మీద పరుపో వేసి, పిల్లకు అలవాటైన బొంతనే పరిస్తే సరిపోతుంది. మొదట పక్కన పండి, తర్వాత కూర్చుని, తర్వాత గదిలో ఇంకో మూలకు జరగాలి. నడిరాత్రి లేచి వస్తే కోప్పడకుండా, ముచ్చట్లు పెట్టకుండా తీసుకుపోయి మళ్లీ పండబెట్టాలి. జ్వరం వచ్చినప్పుడు, ఇల్లు మారినప్పుడు, చెల్లెలో తమ్ముడో పుట్టిన వారంలో ఈ పని మొదలుపెట్టొద్దు. తన చోటు ఇంకొకరికి ఇచ్చారని పిల్ల అనుకుంటుంది. ఇక నాయనమ్మ స్థానం ఎవరు తీసుకోవాలంటే, నాయిన తీసుకోవాలి. తల్లి పక్కనుంటే పిల్ల పాలకే మారాం చేస్తుంది. పాలివ్వని, అయినా తనదైన ఇంకో మనిషి ఉన్నప్పుడే మార్పు తేలికవుతుంది. పనుల మీద తిరిగి పొద్దుపోయాక ఇంటికి చేరే తండ్రికి రోజూ ఇది కుదరకపోవచ్చు. సెలవు రాత్రులతో మొదలుపెట్టి, వీలైన రోజు ఎనిమిదింటికే లైటు తీసి పిల్ల మంచం పక్కన చాప వేసుకోవాలి.