అమ్మ గాజులు జర్మనీ వెళ్ళొచ్చాయి

మా బీరువా పై అరలో, పట్టుచీరల వెనకాల, తోలు కేసులో ఒక కెమెరా ఉండేది. మా నాన్నగారిది. ఆయన విశాఖపట్నంలో ఒక స్టూడియోలో ముప్ఫై ఏళ్ళు పనిచేశారు. 2016లో ఆయన పోయాక అమ్మ మా ఇంటికి వచ్చేసింది. వస్తూ తనవంటూ తెచ్చుకున్నవి రెండే. దేవుడి మందసం, ఈ కెమెరా. మందసాన్ని రోజూ తుడిచి దీపం పెట్టుకునేది. కెమెరాని మాత్రం నేనే తీసుకుని, కేసులో నాలుగు నాఫ్తలీన్ ఉండలు వేసి, బీరువాలో పెట్టి తాళం వేశాను. ఏడేళ్ళపాటు మళ్ళీ ముట్టుకోలేదు. ఎంత భద్రంగా ఉంచానో అని నాలో నేనే మురిసిపోయాను కూడా.

2023 వేసవి సెలవుల్లో మా అమ్మాయికి ఫిల్ము కెమెరాల మీద మోజు పుట్టింది. తాతగారి కెమెరా కావాలని గొడవ చేస్తే తాళం తీసిచ్చాను. తోలు కేసు విప్పగానే ముక్కిపోయిన వాసన కొట్టింది. లెన్సుని కిటికీ వెలుగుకి పెట్టి చూసి, "అమ్మా, ఇందులో సాలెపురుగు కాపరం పెట్టిందే!" అంది.

చూద్దును కదా, గాజు లోపల తెల్లటి సన్నని పోగులు, కొమ్మలు కొమ్మలుగా పాకి ఉన్నాయి. సాలెపురుగు కాదు, బూజు. ఊరగాయ జాడీలో తడి గరిటె పెడితే పట్టే బూజు లాంటిదే.

గాజుకి బూజేమిటని మీకూ అనుమానం రావచ్చు. నాకూ వచ్చింది. పాత కెమెరాలు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళితే ఆయనే విడమర్చి చెప్పారు. గాజు మీద కంటికి కనపడని దుమ్ము, నూనె జిడ్డు ఉంటే చాలట, దానికి తిండి దొరికినట్టే. గాలి ఆడని చీకటి, చెమ్మ తోడైతే ఇక పెరగడమే. అసలే మాది సముద్రం ఊరు. తోలు కేసు చెమ్మని పీల్చి పట్టి ఉంచుతుంది. నాఫ్తలీన్ ఉండలు పురుగుని ఆపుతాయేమో గాని చెమ్మని ఆపవు. పైగా ఆ బూజు ఊరికే కూర్చోదట. దాని నుంచి వచ్చే ఆమ్లం గాజు మీది సన్నటి పూతనీ, ఆలస్యం చేస్తే గాజునీ తినేస్తుందట.

"బీరువాలో పెట్టి తాళం వేశారా? వారానికోసారి బయటికి తీసి నాలుగు ఫొటోలు తీసుంటే ఇంతదాకా వచ్చేది కాదమ్మా" అన్నారాయన. నా మొహం చిన్నబోయింది.

అది లైకా ఎం3 కెమెరా. 1954 నుంచి తయారైంది ఆ రకం. దానికి యాభై మిల్లీమీటర్ల సుమ్మిక్రాన్ లెన్సు. అందులో ఏడు గాజు ముక్కలుంటాయట. "పైవి విప్పి తుడవగలను. కానీ లోపల రెండు గాజులు ఒకదానికొకటి అతికించి ఉంటాయి. వాటి జోలికి నేను వెళ్ళను. పాత లెన్సుల పూత మెత్తన, గట్టిగా తుడిస్తే గీతలు పడతాయి. జర్మనీలో వీటినే బాగుచేసేవాళ్ళున్నారు, అక్కడికి పంపండి" అన్నారు. చేతకాని పనిని చేస్తానని చెప్పని మనిషి దొరకడం కూడా అదృష్టమే.

మా అమ్మాయి వెతికి ఒక చిన్న వర్క్‌షాపుకి ఉత్తరం రాసింది. రెండు రోజుల్లో జవాబొచ్చింది. 280 యూరోలు అవుతుందని అంచనా. అప్పటి లెక్కన పాతిక వేల పైమాట. పంపే ఖర్చు, తెప్పించుకునే ఖర్చు వేరే.

ఇంట్లో పంచాయితీ మొదలైంది. "ఆ డబ్బుతో మంచి ఫోను వస్తుంది, అందులో ఫొటోలూ వస్తాయి" అన్నారు మావారు. ఫోన్లో అన్నయ్య, "ఉన్నదున్నట్టు అమ్మేస్తే ఎవరైనా పాతిక వేలిస్తారు. నువ్వు ఎదురు పెట్టడమేమిటే?" అన్నాడు. ఇద్దరి మాటలోనూ తప్పులేదు. నాకూ అమ్మెయ్యడమే నయమేమో అనిపించింది.

అంతవరకు చిక్కుడుకాయలు తుంచుతూ కూర్చున్న అమ్మ తలెత్తకుండానే, "అందులో నా గాజులున్నాయే" అంది.

అప్పటిదాకా మా ఎవరికీ తెలియని సంగతి అది. 1979లో, నేను కడుపులో ఉండగా, ఓడలో పనిచేసే ఇంజనీరు ఒకాయన దేశం విడిచి వెళ్ళిపోతూ ఆ కెమెరాని స్టూడియోలో బేరం పెట్టాడట. పద్దెనిమిది వందలు. నాన్నగారి జీతానికి అది పెద్ద మొత్తం. మూడు రాత్రులు ఆయన నిద్రపోకపోతే, అమ్మ తన పుట్టింటి గాజులు రెండూ తీసి ఇచ్చింది. తాకట్టు పెట్టారు. ఆదివారాలు సొంతంగా పెళ్ళిళ్ళకి వెళ్ళి ఫొటోలు తీసి విడిపిద్దామనుకున్నారు. పెళ్ళిళ్ళు వచ్చాయి, ఫొటోలూ తీశారు. కానీ నా పురుడు, అన్నయ్య చదువు, తాతగారి జబ్బు... గాజులు తిరిగి రాలేదు. "మీ నాన్న ఆ మాట ఎప్పుడెత్తినా నేనే వద్దనేదాన్ని. కూడు పెడుతోంది కదా, ఇంకేం కావాలి?" అంది.

తర్వాత ఎవరం మాట్లాడలేదు. మర్నాడు నేను చిట్టీ పాడుకున్నాను. సోఫా కోసమని రెండేళ్ళుగా కడుతున్న చిట్టీ అది.

ఇక పంపడం. ఇలాంటి పని పడినవాళ్ళకి పనికొస్తుందని మేము చేసింది చెబుతున్నాను. కెమెరా ఇంట్లో ఉంచి లెన్సు ఒక్కటే ఊడదీశాం. ముందు వెనక మూతలు పెట్టి, దాని అంచు మీద చెక్కిన నెంబరు కనపడేట్టు ఫొటోలు తీశాం. అమెరికాకి ఆవకాయ పంపే ఇళ్ళలో ప్యాకింగు ఒకరు చెప్పాలా! పాలిథిన్ కవరు, గాలి బుడగల కాగితం, డబ్బాలో డబ్బా. అయితే అంతా అతికించేసి తీసుకెళితే పోస్టాఫీసులో మళ్ళీ విప్పించారు. లోపలిది చూశాకే మూయాలట. టేపు, కత్తెర చేతిలో పట్టుకెళ్ళడం మంచిది.

సి.ఎన్.23 అనే కస్టమ్స్ ఫారం నింపాలి. విలువ తక్కువ వేస్తే పార్సిలు పోయినప్పుడు నష్టం, ఎక్కువ వేస్తే తిరిగొచ్చేటప్పుడు పన్నని నేను భయపడ్డాను. మా అమ్మాయి నిజమే రాద్దామంది. అసలు విలువా, లెన్సు నెంబరూ, 'రిపేరు కోసం పంపుతున్నది, అమ్మకం కాదు, తిరిగి వస్తుంది' అనే మాటా రాశాం. వర్క్‌షాపు వారి అంచనా కాగితం ఒకటి లోపల పెట్టి, అన్నిటికీ నకళ్ళు తీసి ఫైల్లో పెట్టాం. ఆ ఫైలే తర్వాత మమ్మల్ని గట్టెక్కించింది.

పార్సిలు ఫ్రాంక్‌ఫర్ట్ చేరి అక్కడ పన్నెండు రోజులు కదల్లేదు. రోజూ పొద్దున్నే కాఫీ గ్లాసు అందుకుంటూ అమ్మ, "గాజులు చేరాయా?" అనేది. చేరలేదంటే ఏమీ అనకుండా కాఫీ తాగేది. ఆ పన్నెండు రోజులూ నాకు అన్నం సహించలేదు. నా చేతుల్తో నేనే పోగొట్టానా అని ఒకటే దిగులు.

పదమూడో రోజున చేరింది. రెండు నెలలకి ఉత్తరం. బూజు అంతా తీసేశారు, తిప్పే చోట గట్టిపడిన పాత గ్రీజు మార్చారు. కానీ లోపలి గాజు ఒకదాని పూతని బూజు కొంత తినేసింది, ఆ మచ్చ పోదు. నునుపు పెట్టి కొత్త పూత వేయించొచ్చు గాని ఇంకో అంత ఖర్చు. మామూలు ఫొటోలకి తేడా తెలియదు, వెలుగుకి ఎదురుగా తీస్తే కాస్త మసక కనపడుతుంది. ఏం చెయ్యమంటారు? అని అడిగారు.

ఆ మచ్చ నా ఏడేళ్ళ తాళం వేసిన గుర్తు. ఉండనివ్వండి అని రాయించాను.

తిరిగొచ్చేటప్పుడు కస్టమ్స్ వారు కాగితాలు అడిగారు. మేము పంపినప్పుడు అమల్లో ఉన్న 2017 నాటి నోటిఫికేషను ప్రకారం, రిపేరుకి వెళ్ళిన వస్తువు మూడేళ్ళలోగా అదే వస్తువుగా, అదే యజమానికి తిరిగొస్తే మొత్తం విలువ మీద సుంకం వెయ్యరు. రిపేరు ఖర్చు, రానుపోను రవాణా, ఇన్సూరెన్సు కలిపి ఆ మొత్తం మీదే వేస్తారు. వెళ్ళినదీ వచ్చినదీ ఒకటే అని చూపాలి. నెంబరున్న ఫొటోలు, ఫారం నకలు, పోస్టు రసీదు చూపించాం. నేను భయపడ్డంత కాలేదు. నిబంధనలు మారుతుంటాయి కనుక పంపేముందే అడిగి తెలుసుకోవడం మంచిది.

లెన్సు ఇంటికి వచ్చిన రోజు మా అమ్మాయి నలుపు తెలుపు రీలు ఎక్కించి, "అమ్మమ్మా, కిటికీ దగ్గర కూర్చో" అంది. అమ్మ తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని వచ్చి కూర్చుంది. కొంగు కింద చేతులు దాచుకుందేమిటా అనుకునేలోపే వాటిని తీసి ఒళ్ళో పెట్టుకుని, "చేతులు కూడా పడేట్టు తియ్యవే" అంది.

ఆ ఫొటో ఇప్పుడు మా హాల్లో ఉంది. కిటికీ వైపు కాస్త మసగ్గా ఉంటుంది. సోఫా ఇంకా కొనలేదు గనక వచ్చినవాళ్ళు కుర్చీల్లో కూర్చునే చూస్తారు. తోలు కేసు విడిగా అటక మీద ఉంది. కెమెరా మాత్రం గాలి తగిలే అరలో, సిలికా జెల్ పొట్లం పక్కన. నీలం గింజలు రంగు మారితే మూకుట్లో సన్నసెగ మీద వేడిచేసి మళ్ళీ పెడతాను, ఆ మూకుడు వంటకి వాడను. ఆదివారం ఆదివారం ఎవరో ఒకరం నాలుగు ఫొటోలు తీస్తాం. చీరకొంగుతో లెన్సు తుడవడం మాత్రం మా ఇంట్లో నిషేధం.

అన్నట్టు, ఆ అరలో కెమెరాకి చోటు చేస్తూ బీరువాలోని పట్టుచీరలు కూడా బయటికి తీశాను. మడతల దగ్గర రెండు చిరిగిపోయి ఉన్నాయి. మిగిలినవి ఇప్పుడు కట్టుకుంటున్నాను.