మా నాయన

మా ఇంట్లో తాతను తాత అని ఎవరూ పిలవరు. మా నాన్న, అత్తలు ఆయన్ని "నాయనా" అని పిలిచేవాళ్ళు. అది విని పెరిగిన మేమూ అట్లే పిలిచాం. నాన్నను నాన్న అంటాం, తాతను నాయన అంటాం. 2024లో, 78 ఏళ్ళ వయసులో నాయన కాలం చేశారు. ఈసారి మన పత్రికకు 'నేనెరిగిన కష్టజీవి' అని వ్యాసం రాయమని తెలుగు టీచరుగారు చెప్పినప్పుడు నేను ఎక్కువసేపు ఆలోచించలేదు.

నాయన 1946లో కుప్పం దగ్గర ఒక పల్లెలో పుట్టారు. చదివింది మూడో తరగతి వరకే. వాన పడితే వేరుశనగ, పడకపోతే పస్తు. 20 ఏళ్ళప్పుడు ఊరివాళ్ళతో కలిసి రైలెక్కి కోలారు బంగారు గనులకు, అంటే కె.జి.ఎఫ్.కు వచ్చేశారు. అది మన బెంగళూరుకు తూర్పున సుమారు 100 కిలోమీటర్ల దూరంలో ఉంది. 1880ల నుంచి జాన్ టేలర్ అనే ఇంగ్లీషు కంపెనీ అక్కడ బంగారం తవ్వించింది. 1902లో శివనసముద్రం నుంచి కరెంటు మొదట వెళ్ళింది ఆ గనులకే; బెంగళూరుకు వచ్చింది 1905లో. స్వాతంత్య్రం తరువాత గనులు ప్రభుత్వం చేతికి వచ్చాయి. నాయన చేరేనాటికి అక్కడ తమిళం, తెలుగు, కన్నడం మూడూ కలిపి మాట్లాడే జనం ఉండేవారు. మా అవ్వ ఇప్పటికీ ఒకే మాటలో మూడు భాషలూ కలిపేస్తుంది.

అక్కడి ఛాంపియన్ రీఫ్ గని లోతు 3 కిలోమీటర్లకు పైనే. మనం బడి నుంచి 3 కిలోమీటర్లు నడిస్తేనే కాళ్ళు నొప్పి అంటాం. అంత దూరం నిట్టనిలువుగా భూమిలోకి ఉన్న గని అది. ఇనుప పంజరంలాంటి లిఫ్టులో మనుషుల్ని దించేవారు. దాన్ని కేజ్ అంటారు. పైన ఎంత చలి ఉన్నా లోపల ఒంటిమీద చొక్కా నిలిచేది కాదట. లోతుకు పోయే కొద్దీ రాతిమీద బరువు పెరిగి, ఒక్కోసారి బాంబు పేలినట్టు పగిలేది. దాన్ని రాక్ బరస్ట్ అంటారని నేను పుస్తకంలో చదివాను. నాయన మాత్రం "కొండ కదిలింది" అనేవారు. కింద అట్లా జరిగితే పైన లైన్లలోని ఇళ్ళలో గూటిమీద గిన్నెలు గలగలమనేవట. ఆ చప్పుడు విన్నరోజు షిఫ్టు సైరన్ మోగి నాయన కనబడేదాకా అవ్వ వాకిట్లోనే నిలబడి ఉండేది.

"భయం వేయలేదా నాయనా?" అని నేనొకసారి అడిగాను.

"ఎందుకు వేయదు పాపా? కేజ్ ఎక్కేటప్పుడు అందరం దేవుణ్ణి తలుచుకునేవాళ్ళం. నేను దండం పెట్టుకునేవాణ్ణి. పక్కనున్న అంతోణి శిలువ గుర్తు వేసుకునేవాడు. ఇంకొకాయన బిస్మిల్లా అనేవాడు. కేజ్ మాత్రం మమ్మల్నందరినీ ఒకే తాడుమీద దించేది" అని నవ్వారు.

నాయన కైవారం తాతయ్య భక్తుడు. కైవారం చిక్కబళ్ళాపుర జిల్లా చింతామణి తాలూకాలో ఉంది. గాజులమ్ముకుని బతికిన నారాయణప్ప అక్కడే యోగి అయ్యారని చెబుతారు. కర్ణాటకలో ఉండి తెలుగులోనూ, కన్నడంలోనూ కీర్తనలు చెప్పారు. ప్రతి శనివారం రాత్రి లైన్లలో భజన జరిగేది. మూడో తరగతితో మరిచిపోయిన అక్షరాలను నాయన ఆ కీర్తనల కోసమే మళ్ళీ నేర్చుకున్నారు. తోటి కార్మికుడు ఒకాయన చదువుతుంటే విని, ఒక పొడుగాటి లెక్కల నోటుబుక్కులో పెన్సిలుతో రాసుకున్నారు. ఆ పుస్తకం ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. ఒత్తులు చాలాచోట్ల తప్పే, కానీ అక్షరాలు గుండ్రంగా ఉంటాయి.

35 ఏళ్ళు నాయన బంగారు గనిలో పనిచేశారు. ఇంట్లో ఉన్న బంగారం మాత్రం అవ్వ తాళిబొట్టు, కమ్మలు. పెద్దత్త పెళ్ళికి ఆ కమ్మలు కూడా తాకట్టుకు వెళ్ళాయి. "టన్నుల కొద్దీ రాయి పగలగొడితే వచ్చేది కొన్ని గ్రాములే. అట్లని రాయి పగలగొట్టకపోతే ఆ కొన్ని గ్రాములూ రావు" అనేవారు. నేను లెక్కల్లో విసుక్కున్నప్పుడల్లా ఈ మాట వినాల్సి వచ్చేది.

బంగారం తగ్గిపోయి, ఖర్చు పెరిగి, 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. అప్పటికి నాయనకు 55 ఏళ్ళు. చిన్నత్త పెళ్ళి కాలేదు. మా నాన్న ఐ.టి.ఐ. చదువుతున్నారు. ఆ వారం లైన్లలో చాలా ఇళ్ళలో పొయ్యి వెలగలేదని అవ్వ చెబుతుంది. శనివారం భజనకు ఎవరూ రారనుకున్నారట. నాయన స్నానం చేసి, నోటుబుక్కు తీసుకుని వెళ్ళి ఒక్కరే కూర్చుని మొదలుపెట్టారు. కాసేపటికి ఒక్కొక్కరే వచ్చి చేరారు. సోమవారం తెల్లవారకముందే క్యారేజీ పట్టుకుని మారికుప్పంలో బెంగళూరు రైలెక్కారు.

అట్లా 14 ఏళ్ళు. ముందు ఒక గోడౌనులో, తరువాత వైట్‌ఫీల్డు వైపు ఒక అపార్ట్‌మెంటులో వాచ్‌మన్‌గా చేశారు. చిన్నత్త పెళ్ళయింది. నాన్నకు బెంగళూరులో ఫ్యాక్టరీ ఉద్యోగం వచ్చాక అందరం కృష్ణరాజపురానికి మారాం. అయినా నాయన పని మానలేదు, 69 ఏళ్ళ దాకా వెళ్ళారు. అక్కడి రిజిస్టరులో తెలుగులోనే సంతకం చేసేవారు. ఇంగ్లీషులో పెట్టమని సూపర్‌వైజరు అడిగితే, "పేరు ఏ భాషలో రాసినా డ్యూటీ 12 గంటలే కదా సార్" అన్నారట. ఆ తరువాత ఆయన మళ్ళీ అడగలేదు.

నన్ను ఒకటో తరగతిలో చేర్చేటప్పుడు ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. బెంగళూరులో ఉంటూ తెలుగు మీడియం ఏమిటని మేనమామ అన్నారు. ఇంగ్లీషు రాకపోతే ఉద్యోగం ఎవరిస్తారని అడిగారు. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. నాయన అంతా విని, "ఇంగ్లీషు ఈ ఊళ్ళో ఏ వీధిలోనైనా నేర్చుకుంటుంది. మన అక్షరం ఇక్కడ వీధిలో దొరకదు. బడిలోనే దొరకాలి" అన్నారు. అట్లా నేను మన బడికి వచ్చాను. ఇప్పుడు ఇంగ్లీషు, కన్నడం కూడా చదువుతున్నాను.

నేను నాలుగో తరగతికి వచ్చేసరికి నాయనకు చూపు తగ్గింది. అప్పటినుంచి శనివారాలు నోటుబుక్కు నేను చదివేదాన్ని, నాయన పాడేవారు. ఆయన రాసుకున్న చోట ఒత్తు తప్పుంటే నేను సరిచేసి చదివేదాన్ని. "మా టీచరమ్మ" అని మురిసిపోయేవారు. చివరి నెలల్లో దగ్గు ఎక్కువై పాడలేకపోయారు. నన్ను చదవమని, వేళ్ళతో మంచం పట్టెమీద తాళం వేసేవారు.

నాయన మాకు ఇల్లు, పొలం ఇవ్వలేదు. దేవుడి గురించి ఉపదేశాలు కూడా చేయలేదు. గని ఉన్నప్పుడు, గని పోయినప్పుడు, కళ్ళు పోయినప్పుడు కూడా శనివారం శనివారమే, సోమవారం సోమవారమే అన్నట్టు బతికారు. భక్తి అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నాకు అదే గుర్తొస్తుంది.

ఇప్పుడు నేను ఆ నోటుబుక్కును ఒత్తులు సరిచేసి కొత్త పుస్తకంలోకి ఎక్కిస్తున్నాను. సగం అయింది. వచ్చే గురుపౌర్ణమికి అది పూర్తిచేసి, అవ్వను తీసుకుని కైవారం వెళ్ళాలని నాన్నా నేనూ అనుకున్నాం.