నాన్న నడిచిన వంతెన

మా నాన్నగారు రైల్వేలో కీమేనుగా పనిచేసి రిటైరైన సంగతి మా పరవాడ సంఘంలో చాలామందికి తెలుసు. అమ్మ పోయిన తరువాత ఆయనను మా ఇంటికి తెచ్చుకున్నాము. వచ్చింది మొదలు వసారాలోని కుర్చీ విడిచి లేచేవారు కాదు. మోకాళ్ళ నొప్పులు. డాక్టరు దగ్గరకు వెళ్దామంటే, "ఈ వయసులో నడిచి ఎక్కడికి పోవాలిరా?" అనేవారు. ఒకనాడు విసుగెత్తి గట్టిగా మాట్లాడాను. ఆదివారం ఓర్పును గూర్చి బోధించి సోమవారం కన్నతండ్రి మీద కేకలు వేశాను. ఆ తరువాత నాలుగు రోజులు ఆయన నాతో సరిగా మాట్లాడలేదు.

అలాంటి సమయంలో, 2025 జూలైలో, న్యూజెర్సీలో ఉద్యోగం చేస్తున్న మా సంఘం అబ్బాయి ఒకడు ఫోను చేశాడు. ఆ రోజు న్యూయార్కులో ఒక పార్కుకు వెళ్ళాడట. హై లైన్ అని దాని పేరు. నేలమీద కాదు, వీధులకు పైన, ఇనుప స్తంభాల మీద ఉంది. 1934లో గూడ్సు బళ్ళ కోసం కట్టిన లైను అది. 1980లో చివరి బండి వెళ్ళాక ఇరవై ఏళ్ళు ఊరికే పడి ఉంది. దానిమీద గడ్డీ పిచ్చి మొక్కలూ వాటంతట అవే మొలిచాయి. పడగొట్టేద్దామని కొందరన్నారు. ఆ పేటలో కాపురముండే ఇద్దరు మనుషులు 1999లో ఒక సంఘం పెట్టి, వద్దని పట్టుబట్టారు. 2009లో మొదటి భాగం తెరిచారు. ఇప్పుడు రెండు కిలోమీటర్లకు పైగా జనం చెట్ల మధ్య నడుస్తారు. ప్యారిస్ పట్టణంలో ఇలాంటిది అంతకంటే ముందే, 1993లోనే వచ్చిందట.

ఫోనులో ఆ అబ్బాయి చూపిస్తుంటే నాన్నగారు కళ్ళజోడు సవరించుకుని ముందుకు వంగారు. మొక్కలను చూడలేదు. "అవి పట్టాలేనా? తీసెయ్యకుండా ఉంచారా?" అని అడిగారు. కొన్నిచోట్ల అలాగే ఉంచారని అబ్బాయి చెప్పాడు. "టికెట్ ఎంత?" ఉచితమే అన్నాడు. "అయితే సరే" అని కుర్చీలో వెనక్కి వాలారు. కాసేపటికి నావైపు తిరగకుండానే, "మరి మన పాత వంతెనో?" అన్నారు.

మన పాత వంతెన అంటే రాజమహేంద్రవరంలో గోదావరి మీది హేవ్‌లాక్ వంతెన. 1897లో పని మొదలుపెట్టి 1900లో బళ్ళు నడిపారు. అప్పటి మద్రాసు గవర్నరు పేరు దానికి పెట్టారు. అంతకు ముందు ఆ నదిని పడవల మీద దాటవలసిందే. మొత్తం 56 ఖానాలు, ఒక్కొక్కటి 150 అడుగులు. 1997లో పక్కన ఆర్చీల వంతెన వచ్చాక దీనిమీద బళ్ళు ఆపేశారు. ఆ ఏడు నాన్నగారికి యాభై ఏళ్ళు. ఇనుముకు అమ్మేస్తారేమోనని అప్పటినుండీ ఆయనకు బెంగ.

మేము గోదావరి స్టేషను దగ్గర క్వార్టర్సులో ఉండేవాళ్ళం. తెల్లవారుతూనే నాన్నగారు భుజాన సుత్తి, పానా, చేతిలో ఎర్ర జెండా, పచ్చ జెండా పట్టుకుని బయలుదేరేవారు. కింద నది, చెక్క స్లీపర్ల సందుల్లోనుండి నీళ్ళు కనబడుతుంటాయి. వదులైన ప్రతి కీ మీదా ఒక దెబ్బ. నాకు ఎనిమిదేళ్ళప్పుడు నేను ఏడిస్తే, అమ్మకు చెప్పకుండా మొదటి ఖానా దాకా తీసుకెళ్ళారు. బండి వచ్చింది. పక్కన నిలబడే చోటులో నన్ను గుండెకు అదుముకుని నిలబడ్డారు. వంతెనంతా వణికింది. ఆయన మాత్రం వణకలేదు. ఇప్పుడాలోచిస్తే అది పెద్ద తప్పే. నా పిల్లలను నేను అలా తీసుకెళ్ళను.

2025 జూన్ 26న రాజమహేంద్రవరంలో 94 కోట్ల పైచిలుకు ఖర్చుతో అఖండ గోదావరి పనులకు శంకుస్థాపన చేశారు. ఈ వంతెనను జనం వచ్చి చూసే చోటుగా చేయడం అందులో ఒకటి. పేపరులో చదివి కూడా నేను ఆయనకు చెప్పలేదు. నాలుగు రోజుల మౌనం అన్నానే, దానికి ముందు కూడా మా మధ్య మాటలు అంతంతమాత్రమే.

ఆగస్టులో ఒక శనివారం అనకాపల్లిలో పొద్దుటి బండి ఎక్కి వెళ్ళాము. స్టేషను నుండి ఆటోలో పుష్కర ఘాట్‌కు చేరాము. నది ఎర్రగా నిండి ఉంది. నాన్నగారు మెట్లమీద కూర్చుని వంతెన వైపు చూస్తూ ఉండిపోయారు. తుప్పు పట్టిన ఇనుము, కింద రాతి స్తంభాలు మాత్రం నిన్న కట్టినట్టున్నాయి. "రాయి బాగుంది. పైన చూసుకోవాలి" అన్నారు.

పక్కనే ఇద్దరు కాలేజీ కుర్రవాళ్ళు ఫోనులో వంతెనను తీస్తూ, "యాభై ఖానాలుంటాయి" అని మాట్లాడుకుంటున్నారు. "యాభై ఆరు బాబూ" అన్నారు నాన్నగారు. మీకెలా తెలుసు తాతగారూ అన్నారు వాళ్ళు. అంతే. కీ ఎలా వదులవుతుందో, వరద రోజుల్లో కాపలా ఎలా కాసేవారో, చీకట్లో ఏ చప్పుడు మంచిదో ఏది కాదో అన్నీ చెప్పారు. ముప్పావు గంట. వాళ్ళు ఫోను ఆయన వైపు తిప్పారు. ఒక సంవత్సరం పాటు మా ఇంట్లో ఉన్న మనిషిని ఈ ప్రశ్నలలో ఒక్కటీ నేను అడగలేదు.

అక్కడ దుకాణాలూ దీపాలూ ఎన్ని పెట్టినా, ఒక పది గజాల పట్టా, నాలుగు చెక్క స్లీపర్లు ఉన్నవి ఉన్నట్టే ఉంచితే బాగుండునని నాకనిపించింది. నాన్నగారితో అన్నాను. "ఉంచితే కీలు కూడా ఉంచాలి. కీలు లేని పట్టా పట్టా కాదు" అన్నారు.

తిరుగు బండిలో సామర్లకోట దాటేదాకా ఏమీ మాట్లాడలేదు. తరువాత, "తెరిచాక మొదటి ఖానా దాకా తీసుకెళ్తావురా?" అని అడిగారు. నడవాలి కదా నాన్నా అన్నాను. "అదే, ఆ డాక్టరు ఎప్పుడుంటాడు?" అన్నారు.

సోమవారం అనకాపల్లి వెళ్ళి మోకాళ్ళకు ఎక్స్‌రే తీయించాము.