సముద్రము దాటి వచ్చిన బొమ్మలు

పొరుగింటి పుల్లకూర రుచి యని మన పెద్దలు చెప్పిరి. పొరుగింటి కూర ముట్టినంతనే మన యింటి పథ్యము చెడునని చెప్పువారును మనలో లేకపోలేదు. టెలివిజను ద్వారమున పరదేశములనుండి మన యిండ్లకు వచ్చు బొమ్మలను గూర్చి ఈ రెండు మాటలును దినదినము వినబడుచున్నవి. ఈ వివాదము మన నడుమనే పుట్టినది కాదు. ఒకే భాష మాటలాడు ఇంగ్లండును అమెరికాయును అట్లాంటిక్ మహాసముద్రమునకు ఇరుగట్టుల నిలిచి, రేడియో పుట్టిన నాటినుండి ఈ విషయమునే తర్కించుకొనుచున్నవి. వారి చరిత్రము తెలిసికొన్నచో మన సంగతియు కొంత తేటపడునని తోచి, మా విద్యార్థుల కొరకును వారి తలిదండ్రుల కొరకును ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మాకు ఈ తలంపు కలిగించినవి మా తరగతిలోని వ్యాసపు పుస్తకములే. మేము ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో చదువుకొన్న దినములలో, ఇంగ్లీషున రంగును తెలుపు 'కలర్' అను మాటయందు 'యు' అను అక్షరమును విడిచినచో ఎఱ్ఱసిరా గీత తప్పకుండెడిది. ఇప్పుడు ఎనిమిదవ తరగతి బాలుడు ఆ యక్షరము లేకయే వ్రాసి, "మాస్టారూ, టెలివిజనులో ఇట్లే వేయుచున్నారండి" యని ధైర్యముగా చెప్పుచున్నాడు. వాడు చెప్పినది నిజమే. నోవా వెబ్‌స్టర్ అను అమెరికా పండితుడు 1828లో ప్రచురించిన నిఘంటువున ఆ యక్షరమును తొలగించెను. స్వతంత్రమైన దేశమునకు స్వతంత్రమైన వ్రాత యుండవలెనని ఆయన యభిప్రాయము. కావున మేము ఆ బాలుని మాటకు గీత పెట్టలేదు. ఒక వ్యాసమునందు ఏదో ఒక్క పద్ధతినే తుదిదాక పాటింపుమని మాత్రము చెప్పితిమి. అట్లాంటిక్ మీది జగడము మా బల్లమీదికి ఎట్లు వచ్చెనని ఆలోచింపగా, ఈ కథ యంతయు చదువవలసి వచ్చినది.

ఆ రెండు దేశముల త్రోవలు మొదటనే వేరైనవి. ఇంగ్లండునందు 1922లో కంపెనీగా ఆరంభమైన బి.బి.సి., 1927లో రాజశాసనము వలన ప్రజాసంస్థ యయ్యెను. ప్రజలు ఏటేట లైసెన్సు రుసుము చెల్లింతురు, ఆ ధనముతో కార్యక్రమములు నడచును, ప్రకటనలు లేవు. దాని తొలి యధిపతియైన జాన్ రీత్, ప్రజలు కోరినదే గాక వారికి మేలైనదియు ఇయ్యవలెనను పట్టుదల గలవాడు. అమెరికాలోనన్ననో ప్రసారములు వర్తక సంస్థల చేతికి పోయెను. సబ్బులు, సిగరెట్లు అమ్మువారు వాటిని పోషించిరి. ఆంగ్లేయులు అమెరికా ప్రసారములను సంత కేకలని యెగతాళి చేసిరి. అమెరికావారు ఆంగ్లేయుల ప్రసారములను బడిపంతులు హితబోధయని నవ్విరి. బడిపంతులమైన మాకు ఆ రెండవ మాట కొంచెము గ్రుచ్చుకొన్నను, అందు సత్యమేమియు లేదని చెప్పజాలము.

1953 జూన్ 2వ తేదీన ఎలిజబెత్ రాణి పట్టాభిషేకము జరిగెను. సముద్రము మీదుగా బొమ్మను పంపు ఉపగ్రహము అప్పటికి లేదు. కావున బి.బి.సి. వారు ప్రసారమును ఫిల్ముమీద ఎక్కించి, రాయల్ ఎయిర్ ఫోర్సువారి కాన్‌బెరా విమానములలో కెనడాకు పంపిరి; ఆ దినమే ఉత్తర అమెరికా ప్రజలు ఆ యుత్సవమును చూచిరి. కాని అమెరికా వర్తక సంస్థలు ఆ పవిత్రమైన తంతు నడుమ తమ ప్రకటనలను చొప్పించెను. ఎన్.బి.సి. వారి ప్రాతఃకాల కార్యక్రమమున జె. ఫ్రెడ్ మగ్స్ అను పెంపుడు చింపాంజీ కూడ కనబడెను. ఈ వార్త ఇంగ్లండు చేరగా పెద్ద యలజడి పుట్టెను. వాణిజ్య టెలివిజనును అనుమతింపవలెనా యని అప్పుడు ఆ దేశమున వాదము జరుగుచుండెను. వలదను పక్షమువారికి ఆ చింపాంజీ మంచి సాక్షి యయ్యెను.

ఐనను 1954లో శాసనము జరిగెను. 1955 సెప్టెంబరు 22వ తేదీన ఐ.టి.వి. ప్రసారము మొదలయ్యెను. ఆ రాత్రి వచ్చిన తొలి ప్రకటన ఒక పండ్లపేస్టును గూర్చినది. దేశము మునిగిపోలేదు. అయితే ఆంగ్లేయులు తలుపు బార్లా తెరువలేదు. ప్రసారములలో తగినంత భాగము స్వదేశమున తయారైనదిగా నుండవలెనని శాసనమునందే వ్రాసికొనిరి. ఆచరణయందు పరదేశపు సరకు నూటికి సుమారు 14 వంతులకు మించకుండ చూచుకొనిరి. తలుపు మూయుటకును గోడ పడగొట్టుటకును నడుమ గడప యను వస్తువొకటి కలదని ఈ యేర్పాటు వలన మాకు తెలిసినది.

ఇక బొమ్మ సముద్రము దాటిన విధమును విజ్ఞానశాస్త్రము చదువు విద్యార్థులు తెలిసికొనవలెను. 1962 జూలై 10వ తేదీన టెల్‌స్టార్ అను ఉపగ్రహము ఆకాశమున కెగిరెను. ఆ నెల 23వ తేదీన రెండు ఖండముల ప్రజలును ఒండొరులను అప్పటికప్పుడే చూచు బహిరంగ ప్రసారము జరిగెను. అమెరికాలోని ఆండోవర్, ఇంగ్లండులోని గూన్‌హిల్లీ, ఫ్రాన్సులోని ప్లుమర్-బోడూ అను చోట్ల పెద్ద ఆంటెనాలు నిలిపిరి. ఆ యుపగ్రహము భూమికి దగ్గరగా వేగముతో తిరుగునది గాన, ఒక్కొక్క చుట్టున ఇరుతీరములకును ఒక్కసారి కనబడుట సుమారు 20 నిమిషములు మాత్రమే. 1965లో ఎగిరిన ఎర్లీ బర్డ్ సుమారు 36,000 కిలోమీటర్ల యెత్తున భూమితో సమానముగా తిరుగుచు, ఒకేచోట నిలిచినట్లు కనబడెను.

ఇంకొక చిక్కు కలదు. అమెరికా టెలివిజను బొమ్మయందు 525 గీతలు. ఇంగ్లండునందు మొదట 405, 1964లో రెండవ బి.బి.సి. ఛానలు వచ్చినపుడు 625. అమెరికా విద్యుత్తు సెకండునకు 60 సారులును, ఇంగ్లండు విద్యుత్తు 50 సారులును ఊగును. బొమ్మల వేగమును దాని ననుసరించియే యుండెను. కావున ఒక తీరపు బొమ్మ రెండవ తీరమున నేరుగా కనబడదు. దానిని విప్పి మరల అల్లవలెను. మనుష్యుల యభిప్రాయములకును ఇట్టి మార్పిడి యంత్రమొకటి యున్న నెంత బాగుండునని మాకు తోచినది.

అట్టి యంత్రమువంటి మనుష్యుడొకడు నిజముగనే యుండెను. ఇంగ్లండున సాల్‌ఫర్డ్ పట్టణమున 1908లో పుట్టి అమెరికా పౌరుడైన అలిస్టేర్ కుక్, 1946 మొదలు 2004 వఱకు బి.బి.సి. రేడియోలో అమెరికా సంగతులను ఆంగ్లేయులకు జాబులరూపమున వినిపించెను. అతడే 1971లో బాస్టను నగరపు డబ్ల్యు.జి.బి.హెచ్. కేంద్రమువారు ఆరంభించిన 'మాస్టర్‌పీస్ థియేటర్' అను కార్యక్రమమున కూర్చుండి, ఆంగ్లేయుల నాటకములను అమెరికావారికి పరిచయము చేసెను. అంతకుముందు 'ఫోర్సైట్ సాగా' అను 26 భాగముల బి.బి.సి. కథ అమెరికాలో మిక్కిలి ఆదరణ పొందుటయే దీనికి మూలము. అతడు చేసినదెల్ల కథకు ముందు కొన్ని నిమిషములు కూర్చుండి, ఈ యాచార మేమి, ఈ పదవి యేమి, ఈ మనుష్యు లిట్లేల నడుచుకొనుచున్నారు అని చెప్పుటయే. ఆ పని యుపాధ్యాయుని పనికంటె వేరుకాదు.

కాని ఈ రాకపోకలందు ఒక లోపము కలదు. అమెరికా ప్రేక్షకులు చూచిన ఇంగ్లండు పెద్ద భవనములు, ప్రభువులు, పరిచారకులతో నిండినది. 1980లో 'డల్లాస్' కథకై ఎదురుచూచిన ఆంగ్లేయులు కన్న అమెరికా చమురు ధనికుల కుటుంబ కలహములతో నిండినది. ఇంగ్లండున గనికార్మికుడు లేడా? అమెరికాలో బీదరైతు లేడా? ఎగుమతికి ఎంచిన సరకును చూచి దేశమంతయు అట్టిదే యనుకొనుట, బుట్టలోని మామిడిపండ్లను చూచి తోటయందు పిందెలే లేవనుకొనుటవంటిది.

మార్పుచేసి తీసికొన్న కథలును కలవు. లండను తూర్పు పేటలోని ముసలి మూర్ఖుని కథయైన 'టిల్ డెత్ అస్ డూ పార్ట్' 1971లో న్యూయార్కు వీధులలో 'ఆల్ ఇన్ ది ఫ్యామిలీ' యయ్యెను. పాతసామానులు కొను తండ్రికొడుకుల కథ 1972లో లాస్ ఏంజిలిస్‌లోని నల్లజాతి కుటుంబపు కథగా మారెను. ఇట్టివి అనుకరణములు కావు; విత్తనము పరదేశపుదైనను నేల స్వదేశపుది.

మార్పు అన్యాయమైన సందర్భమును కలదు. 1975లో ఎ.బి.సి. సంస్థ 'మాంటీ పైథాన్' బృందమువారి హాస్య కార్యక్రమములను ప్రసారము చేయుచు, 90 నిమిషముల కాలమున 24 నిమిషముల భాగమును కత్తిరించెను. ప్రకటనలకు చోటు కావలెను; కొన్ని మాటలు అమెరికావారికి తగవని భయము కలదు. రచయితలు న్యాయస్థానమున కెక్కిరి. ఇట్లు నరికిన దానిని రచయితల పేరుతో చూపుట వారి కృతికి హానియని 1976లో అప్పీలు న్యాయస్థానము వారి పక్షమును సమర్థించెను. ఇంగ్లండు బాలలకు అమెరికావారి 'సెసమీ స్ట్రీట్' వచ్చినపుడు కథ తలక్రిందులయ్యెను. బి.బి.సి. పిల్లల కార్యక్రమముల యధికారిణి మోనికా సిమ్స్, అది పిల్లల నడతను తీర్చిదిద్దు పెత్తనపు ధోరణి గలదని ఆక్షేపింపగా, 1971లో బి.బి.సి. దానిని తీసికొనలేదు; వాణిజ్య కేంద్రములు కొన్ని దానిని చూపెను. హితబోధకులని పేరొందిన వారే సంతవారిని హితబోధకులని నిందించుట విచిత్రము గదా!

మొదటినుండి నిందించుకొన్నను, రెండు పక్షములవారును తమ దోషములను తామే చెప్పుకొనిరని మరువరాదు. అమెరికా ప్రభుత్వ కమిషను అధ్యక్షుడు న్యూటన్ మినో 1961లో ప్రసారకుల సభయందే నిలిచి, వారి టెలివిజనును విశాలమైన బీడుభూమితో పోల్చెను. ఇంగ్లండున పిల్కింగ్టన్ సంఘమువారు 1962లో తమ వాణిజ్య టెలివిజను చౌకబారుతనమును ఎత్తిచూపిరి. తన యిల్లు ఊడ్చుకొనువాని నోట పొరుగింటి దుమ్ము మాట కొంత మర్యాదగా వినబడును. 1998లో బి.బి.సి. పేరనే ఒక ఛానలు అమెరికాలో వెలసినపుడు, స్వదేశమున ప్రకటన లెరుగని ఆ పేరు అచ్చట ప్రకటనలతోనే బ్రదుకవలసి వచ్చెను.

మన తెలుగునాటికిని ఈ కథతో నిజమైన సంబంధ మొకటి కలదు. 1975 ఆగస్టు మొదలు 1976 జూలై వఱకు ఏ.టి.ఎస్.-6 అను అమెరికా ఉపగ్రహమును మన దేశము వాడుకొని, ఆరు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు టెలివిజను చూపెను. అందు మన ఆంధ్రప్రదేశమును ఉండెను. కోళ్లగూళ్లకు వాడు ఇనుపవలతో చేసిన గొడుగువంటి ఆంటెనాలు పల్లెలలో నిలిచెను. ఉపగ్రహము అమెరికావారిది, వ్యవసాయమును, ఆరోగ్యమును, బడిపాఠములను చెప్పిన మాట తెలుగు మాట. ఏడాది ముగియగా ఉపగ్రహము మరలిపోయెను. సాధనము ఎరువు తెచ్చుకొన్నను మాట మనదే కావచ్చునని ఆ యేడాది చూపినది. 1991 తరువాత ఆకాశమునుండి పరదేశపు ఛానళ్లు మాటతో కూడ దిగినపుడు, ఆ పాఠమును మనము తగినంత తలచుకొనలేదని మా యభిప్రాయము.

ఈ నడుమ మా విద్యార్థిని తండ్రిగారు మా యొద్దకు వచ్చి, "అయ్యా, మా అమ్మాయి మాటతీరు మారినదండి. ఇంట వండినది నచ్చదు. వాళ్లమ్మ పలుకుబడిని చూచి నవ్వుచున్నది. ఆ ఛానళ్లన్నియు తీసివేయించినాను. మంచిపని చేసితినా?" యని అడిగిరి. ఆయన కంటనున్న బాధ నిజమైనది. తల్లి భాషను చూచి నవ్వు బిడ్డకు ఎన్ని మార్కులు వచ్చిన నేమి లాభము? మరియు ఆ బాలిక ఆ ఛానళ్లలోనే సముద్రపు జీవులను చూచి, మాకు తెలియని ప్రశ్నలు తరగతిలో అడుగుచుండెను. ఛానళ్లు పోయిన పిదప ఆ ప్రశ్నలును ఆగిపోయెను. ఈ రెండును మేము ఆయనతో చెప్పితిమి. ఛానలు తీసివేయుటకు ఒక్క నిమిషము చాలును. బిడ్డ ప్రక్కన కూర్చుండి 'ఇది యెవరి యిల్లు? ఎవరు తీసిరి? ఎవరికి అమ్ముటకు?' అని అడుగుటకు సాయంకాలము కావలెను. తమరు వారమున కొక్క సాయంకాలము ఇయ్యగలరా యని అడిగితిమి. ఆయన చాలసేపు ఆలోచించి రెండు ఛానళ్లు మరల పెట్టించిరి. "మా నాన్నగారు మధ్యమధ్య ప్రశ్నలు వేసి కథ వినిపింపనీయరండి" యని ఆ బాలిక ఇప్పుడు మాతో ఫిర్యాదు చేయుచున్నది. వాళ్లమ్మ మాటను చూచి నవ్వుట మానెనో లేదో మేము అడుగలేదు. కాని మొన్న మాతృభాషా దినమున అమ్మ చెప్పిన సామెతలు పది వ్రాసి తెచ్చినది.

ప్రియ విద్యార్థులారా, మీలో కొందరు రేపు బొమ్మలు తీయువారు కావచ్చును. మన యూరి కథ సముద్రము దాటి పోవు దినమున, అచ్చటివారు మనలను ఆ యొక్క కిటికీనుండియే చూతురు. మేడలను మాత్రమే చూపకుడు. మురికివాడలను మాత్రమే చూపకుడు. చెరువుగట్టున బట్టలుతుకు తల్లిని, లాంతరు వెలుతురున చదివి పెద్దయైన ఆమె కుమారుని, ఇద్దరిని చూపుడు. అంతవఱకు, ఇతరుల కిటికీనుండి చూచునపుడు, ఆ కిటికీకి ఇరుప్రక్కల గోడ యున్నదని జ్ఞాపకముంచుకొనుడు.