మా యింటి గడియారం

మా నాన్నగారు హెడ్‌మాస్టరు. ఆ సంగతి యెవరూ చెప్పనక్కరలేదు. మా హాల్లో గోడగడియారం చూస్తే తెలిసిపోయేది. అది యెప్పుడూ అయిదు నిమిషాలు ముందు నడిచేది. అలా నడవాలని ఆయన శాసనం. ప్రతి శనివారం రాత్రి భోజనం కాగానే స్టూలెక్కి దానికి కీ యిచ్చేవారు. మరునాడు తొమ్మిదింటికి ఆరాధన అంటే యెనిమిదిన్నరకల్లా మేమంతా చర్చిలో రెండో బల్లమీద కూర్చుని వుండాలి. గంట కొట్టేవాడు కూడా మమ్మల్ని చూసిన తర్వాతనే తాడు అందుకుంటాడని ఒంగోలులో మా వీధివాళ్ళు హాస్యమాడుకునేవారు.

ఇంత సమయపాలన గల మనిషికి ఒక విచిత్రమైన అలవాటు వుండేది. తనకు యిష్టంలేని పని యేది యెదురైనా, "దేవుని సమయం రావాలి" అనేవారు. వంటింటి పెంకులు సర్దించాలంటే దేవుని సమయం రావాలి. అమ్మకు కళ్ళజోడు మార్పించాలంటే దేవుని సమయం రావాలి. అమ్మ నెమ్మదస్తురాలే గాని, ఒకసారి అననే అన్నది: "దేవుని సమయం సంగతి నాకు తెలియదు గాని, వానాకాలం మటుకు వచ్చేసిందండీ. పులుసులో నేను నీళ్ళు పొయ్యక్కర్లేదు, పైనుంచే పడుతున్నాయి." నాన్నగారు నవ్వి, ఆ సాయంత్రమే మనిషిని పిలిపించారు.

నవ్వుకోవడానికి యిది బాగానే వుంటుంది. కాని ఆ మాటే మా యింట్లో ఒకసారి పదకొండేళ్ళపాటు తిష్ఠ వేసుకుని కూర్చున్నది. ఆ సంగతి చెప్పడానికే యిది వ్రాస్తున్నాను.

1977 జూన్‌లో మా అన్నయ్య బి.ఏ. చదువు మధ్యలో మానేస్తానన్నాడు. వాడికి యంత్రాల పిచ్చి. ఎక్కడన్నా వర్కుషాపులో చేరి పని నేర్చుకుంటానన్నాడు. నాన్నగారికి కొడుకు తనలాగే ట్రెయినింగు పూర్తిచేసి మేష్టరు కావాలని ఆశ. మాటా మాటా పెరిగింది. "ఈ గడప దాటితే మళ్ళీ తొక్కవద్దు" అన్నారు నాన్నగారు. వాడు దాటాడు. అప్పటికి వాడికి యిరవై యొకటి, నాకు పదిహేను. బొంబాయి వెళ్ళాడని వాడి స్నేహితుడొకడు చెప్పాడు. "వాడికి యీ యింటినుంచి యెవరూ ఉత్తరం వ్రాయకూడదు" అన్నారు నాన్నగారు. ఆ మాటకు తిరుగులేదు.

ఆ యేడు నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తింది. వేలమంది పోయారు. రేడియో వార్తలు వింటూ అమ్మ కళ్ళు తుడుచుకుంటూంటే, పోయినవాళ్ళ కోసం యేడుస్తున్నదనుకున్నాను. కొంతసేపటికి మెల్లగా అన్నది: "బొంబాయిలో పేపర్లో చూసి వుంటాడు. మనకేమైందోనని వాడికి అన్నం సయించదేమో!" తనను వదిలి వెళ్ళిన కొడుకు తనకోసం బెంగపడుతున్నాడేమోనని ఆమె బెంగ. తల్లులు అలాగే వుంటారు కాబోలు.

ఏళ్ళు గడిచాయి. ప్రతి క్రిస్మసుకూ అమ్మ ఒక కంచం యెక్కువ పెట్టేది. నాన్నగారు చూసీ చూడనట్లు వుండేవారు. చర్చిలో తప్పిపోయిన కుమారుని ఉపమానం చదివిన ఆదివారాల్లో మాత్రం ఆయన తలెత్తేవారు కాదు.

మా సంఘంలో అందరూ అమ్మను ఓదార్చేవారు. అబ్రాహాముకు డెబ్బయి అయిదో యేట దేవుడు వాగ్దానం చేస్తే, కొడుకు పుట్టేసరికి నూరేళ్ళు వచ్చాయి గదా అనేవారు ఒకరు. యోసేపును పదిహేడో యేట అన్నలు అమ్మేస్తే, ఫరో యెదుట నిలబడేసరికి ముప్పయి యేళ్ళు; మధ్యలో చెరసాల కూడా వున్నది గదా అనేవారు యింకొకరు. అంతా దేవుని ప్రణాళికేనమ్మా అనేవారు. మా పక్కింటి పిన్నిగారు బైబిలు యెరుగరు. ఆవిడ కూడా, "దేనికైనా కాలం కలిసిరావాలి వదినా" అనేవారు. మాట వేరైనా భావం ఒకటే. అమ్మ అందరికీ తల వూపేది. నాకు మాత్రం ఒళ్ళు మండేది. వాళ్ళ పిల్లలందరూ యింట్లోనే వున్నారు మరి!

ప్రతి జనవరి 1న తెల్లవారుజామున అమ్మ నన్ను లేపి ప్రార్థన కొండకు తీసుకువెళ్ళేది. ఒంగోలు వారికి ఆ కొండ సంగతి చెప్పనక్కరలేదు. తక్కినవారి కోసం చెబుతాను. 1836లో మొదలైన అమెరికను బాప్టిస్టు తెలుగు మిషను యెన్నేళ్ళు గడిచినా పట్టుమని పదిమందిని కూడగట్టలేకపోయింది. దాన్ని మూసివేద్దామా అని 1853లో అమెరికాలో పెద్దలు తర్జనభర్జన పడ్డారు. ఇక్కడ వున్న జ్యూయెట్ దొరగారు మాత్రం కదలనన్నారు. 1854 జనవరి 1న ఆయనా, ఆయన భార్యా, ముగ్గురు తెలుగు క్రైస్తవులూ, వెరసి అయిదుగురు, తెల్లవారకముందే ఆ కొండ యెక్కి, ఒంగోలుకు ఒక సేవకుణ్ణి పంపమని ప్రార్థించారు. క్లౌ దొరగారు ఒంగోలు వచ్చి కాపురం పెట్టింది 1866లో. అంటే పన్నెండేళ్ళకు!

తర్వాత 1876 నుంచి 1878 దాకా మహా కరువు. క్లౌ దొరగారు బకింగుహాం కాలవలో కొంత భాగం తవ్వించే కంట్రాక్టు తీసుకుని, ఆకలితో వున్నవారికి పని చూపించారు. బాప్తిస్మం యివ్వమని జనం గుంపులుగా అడుగుతున్నా, గింజల కోసం వచ్చారన్న మాట రాకూడదని యేడాదికి పైగా ఆపివుంచారు. కరువు పని ముగిశాక, 1878 జూలై 3న గుండ్లకమ్మ యేటిలో, వెల్లంపల్లి దగ్గర, ఒక్కరోజున 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. కొండమీద అయిదుగురు మోకరించిన యిరవై నాలుగేళ్ళకు.

ఈ కథ చెప్పినప్పుడల్లా అందరూ మొదటి తేదీ, చివరి తేదీ చెప్పి ఆశ్చర్యపోతారు. అమ్మ మాత్రం ఒకసారి కొండ దిగుతూ అన్నది: "మధ్యలో వాళ్ళు వూరికే కూర్చోలేదే. వూళ్ళు తిరిగారు. కాలవ తవ్వారు. అదీ ప్రార్థనేనే." అప్పుడు ఆ మాట నేను పెద్దగా పట్టించుకోలేదు.

1988 జూలైలో అమ్మకు జ్వరం తగిలింది. వారం రోజులు. ఎనిమిదోనాడు తెల్లవారేసరికి లేదు. పోయేముందు రోజు కూడా వీధి తలుపు వైపే చూసింది.

సమాధి కార్యక్రమం అయ్యాక ఒక పెద్దావిడ నా వీపు నిమురుతూ, "దేవుని సమయం అమ్మా" అన్నది. ఆమె ప్రేమతోనే అన్నది. కాని ఆ క్షణంలో ఆ మాట నాకు రాయిలా తగిలింది. పదకొండేళ్ళ ప్రార్థనకు జవాబు రాకముందే మనిషిని తీసుకుపోవడం యేం సమయం? అన్నయ్యకు కబురు పెడదామంటే చిరునామా యెవరి దగ్గరా లేదు. ఆ స్నేహితుడు కూడా యెప్పుడో వూరు వదిలి వెళ్ళాడు. ఒక రాత్రి నాన్నగారు అమ్మ ట్రంకుపెట్టె తెరిచి, చీరల మడతలన్నీ వెతకడం చూశాను. దుఃఖంకొద్దీ అనుకుని తిరిగి పడుకున్నాను.

అక్టోబరులో ఒక ఆదివారం. ఎనిమిది దాటింది. నాన్నగారు చేతిలో బైబిలు పట్టుకుని, నన్ను తొందరపెడుతూ వరండాలోకి వచ్చి ఆగిపోయారు. గేటు దగ్గర అన్నయ్య నిలబడి వున్నాడు. చేతిలో చిన్న సంచీ. తలలో అప్పుడే తెల్లవెంట్రుకలు.

ఎవ్వరం మాట్లాడలేదు. చివరికి నాన్నగారే, "ఏమన్నా తిన్నావా?" అన్నారు.

వాడు జవాబు చెప్పలేదు. నా భుజం మీదుగా యింట్లోకి చూస్తూ, "అమ్మకు వొంట్లో యెలా వుంది? మూడు నెలలనుంచీ కార్డు రాలేదు" అన్నాడు.

నాన్నగారు మెట్టుమీద కూర్చుండిపోయారు. ఆయన జీవితంలో ఆరాధనకు ఆలస్యంగా వెళ్ళింది ఆ ఒక్క ఆదివారమే. వెళ్ళేసరికి ప్రసంగం సగం అయింది. రెండో బల్ల ఖాళీగానే వున్నది. ముగ్గురం వెళ్ళి కూర్చున్నాం.

ఆ రాత్రి అన్నయ్య సంచిలోనుంచి దారంతో కట్టిన కట్ట తీశాడు. నూట యిరవై పైచిలుకు పోస్టుకార్డులు. అన్నీ అమ్మ దస్తూరీ, అయిదో తరగతితో ఆగిపోయిన గుండ్రటి అక్షరాలు. మొదటిది 1977 నవంబరులోది: తుఫాను వల్ల మనకేమీ కాలేదు, దిగులు పడకు అని. తర్వాత నెలకొకటి. స్త్రీల సమాజానికి వెళ్ళే దారిలో పోస్టుడబ్బా వుండేది. వాడి చిరునామా ఆమె యెక్కడా వ్రాసి దాచలేదు, కంఠతా పట్టింది. పెరట్లో నిమ్మచెట్టు కాసింది. చెల్లికి వుద్యోగం వచ్చింది. నాన్నగారికి దగ్గు తగ్గింది. ఒక్క కార్డులోనూ "వచ్చెయ్యి" అని లేదు. అన్నిటి చివరా ఒకే మాట: "నీకు రావాలనిపించినప్పుడు రా. తలుపు గడియ వెయ్యను."

"ఒక్కదానికీ జవాబు వ్రాయలేదే. మొదట పంతం. తర్వాత సిగ్గు. కార్డు వస్తూంటే యిల్లు అక్కడే వున్నదన్న ధైర్యం. రాకపోయేసరికి భయం వేసింది" అన్నాడు వాడు.

నేను చాలా రోజులు మార్తలాగే దేవునితో పేచీ పెట్టుకున్నాను. లాజరు జబ్బుగా వున్నాడని కబురు అందినా ప్రభువు రెండు రోజులు ఆగి బయలుదేరాడు. వచ్చేసరికి నాలుగు రోజులైంది సమాధి చేసి. నువ్వు ముందే వచ్చి వుంటే యిలా జరిగేది కాదని ఆమె ముఖాన్నే అడిగింది. ఆమెను ఆయన కసరలేదు. అది తలుచుకుని నేనూ ధైర్యంగా అడిగాను: మూడు నెలలు ముందు పంపితే నీ సొమ్మేం పోయింది? అమ్మను తీసుకుని అన్నయ్యను యిచ్చావా? అటువంటి బేరాలు దేవుడు ఆడతాడని నేను అప్పుడూ నమ్మలేదు, యిప్పుడూ నమ్మను. ఆ మూడు నెలల లెక్క నాకు యీనాటికీ తేలలేదు.

తేలింది వేరొకటి. ఆ డిసెంబరులో ఒక శనివారం నాన్నగారు గడియారానికి కీ యిస్తూ, స్టూలు మీదనుంచే అన్నారు: "మీ అమ్మ కార్డులు వ్రాస్తున్నట్టు నాకు తెలుసమ్మా. నెలాఖరున గడియారం కింద చిల్లర పెట్టేవాణ్ణి. ఆమె తీసుకునేది. ఇద్దరం యెప్పుడూ పైకి అనుకోలేదు."

"మరి మీరే ఒక కార్డు వ్రాయకపోయారా నాన్నగారూ?"

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. "వాడే ముందు వ్రాయాలనుకున్నాను. దేవుని సమయం రావాలి గదా అని నాకు నేను చెప్పుకున్నాను. నా పంతానికి దేవుని పేరు పెట్టుకున్నాను" అన్నారు. తర్వాత ముల్లు అయిదు నిమిషాలు వెనక్కి జరిపి దిగారు.

ఒకే యింట్లో ఒకే కొడుకు కోసం యిద్దరు పదకొండేళ్ళు కనిపెట్టారు. ఇద్దరి నోటా అదే మాట. ఒకరు తాము చెయ్యవలసిన పనిని కూడా దేవుని మీదకు నెట్టి కూర్చున్నారు. ఒకరు తాను చెయ్యగలిగింది నెలనెలా చేసి, చెయ్యలేనిదాన్ని మాత్రమే దేవునికి వదిలిపెట్టారు. గడియ తియ్యడం తన పని. రావడం యెప్పుడన్నది తన చేతిలోది కాదు. విశ్వాసమంటే యేమిటో నేను ప్రసంగాల్లో చాలాసార్లు విన్నాను గాని, చూసింది మాత్రం ఆ కార్డుల కట్టలోనే.

అన్నయ్య మళ్ళీ బొంబాయి వెళ్ళలేదు. మా వూళ్ళోనే మోటార్ల మరమ్మతు షెడ్డు పెట్టాడు. 1996లో పోయేదాకా నాన్నగారు రోజూ సాయంత్రం అక్కడికి వెళ్ళి కుర్చీ వేసుకుని కూర్చునేవారు. స్పానర్ల పేర్లన్నీ నేర్చుకున్నారు.

మొన్నీమధ్య ఆరాధన అయ్యాక మా సంఘంలో ఒకావిడ నా దగ్గర కూర్చుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నది. కూతురు వేరే వూళ్ళో వుద్యోగం చేస్తున్నది. పెళ్ళి విషయంలో మాట పట్టింపు వచ్చి ఆరు నెలలనుంచీ ఫోను లేదట. "దేవుని సమయం కోసం చూస్తున్నాను టీచరుగారూ. ఇంకా యెంతకాలం?" అన్నది. అంతా దేవుని ప్రణాళికేనమ్మా అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. ఆ మాట మన కష్టానికి మనం చెప్పుకోవచ్చును గాని, పరుల కష్టానికి తొందరపడి చెప్పరాదు.

అమ్మ కార్డుల సంగతి చెప్పాను. ఆవిడ అంతా విని, "ఇప్పుడు కార్డులెవరు వ్రాస్తున్నారండీ?" అన్నది.

"చేతిలో ఫోను వున్నది గదమ్మా. తప్పెవరిదన్న మాట యెత్తవద్దు. అన్నం తిన్నావా అని వ్రాయి."

ఆవిడ అక్కడే, బల్లమీద కూర్చునే, కళ్ళజోడు సవరించుకుని ఒక్కొక్క అక్షరమే వెతుక్కుంటూ వ్రాసి పంపింది. జవాబు యింకా రాలేదని నిన్న చెప్పింది. రెండోది కూడా పంపానని చెప్పింది.