పనిలేని ప్రయాణము

మన దేశమున స్త్రీలు ప్రయాణములు చేయరనుట సత్యము కాదు. పురిటికి పుట్టినింటికి పోవుదురు. పెండ్లిండ్లకు, కర్మాంతరములకు, పుష్కరములకు, ఆసుపత్రులకు పోవుదురు. అయితే వీనిలో నొక్కటియైనను విశ్రాంతి కాదు. ఒక వంటయింటినుండి మఱియొక వంటయింటికి పోవుటయే మన గృహిణుల యాత్ర.

స్కాట్లండు దేశమున దంపతులు పర్తులో రైలెక్కి ఇన్వర్నెస్సులో దిగి, ఏటియొడ్డున నడచి, తేనీరు త్రాగి, మఱునాడు తీరికగా వేఱొక యూరికి పోవుదురని చదివియుంటిని. ఫోర్టు విలియమునుండి మాలెగు రేవునకు 1901లో పూర్తియైన కొండదారిని చూచుటకే యెందఱో రైలెక్కుదురట. మన పెద్దలు దీనిని దుబారా యందురు. ధనమునకు దుబారా కావచ్చును. ఇరువదియేండ్లు సంసారము నీదిన దంపతులకు మాత్రము కాదని నా యభిప్రాయము.

మొన్నటి దసరా సెలవులలో మేమిరువురము మన్సూరాబాదునుండి తొమ్మిది దినములకు బయలుదేఱితిమి. "ఎవరింట్ల పెండ్లిరా?" అని మా మేనత్త యడిగెను. పెండ్లి లేదంటిని. "మొక్కున్నదా?" లేదంటిని. "అయితే కోడలికి పానం బాగ లేదా?" అని ఆమె కలవరపడెను. ఊరకే పోవుచున్నామనిన నమ్మలేదు. స్త్రీ గడప దాటుటకు పెండ్లియో, దేవుడో, రోగమో సాక్ష్యము పలుకవలయును గాబోలు!

సికింద్రాబాదులో పగటిరైలెక్కితిమి. నా భార్య తెల్లవాఱుజామున నాలుగు గంటలకే లేచి పులిహోరయు, నలుగురికి సరిపడు పెరుగన్నమును సిద్ధము చేసెను. నల్లగొండ దాటువఱకు సామానులు లెక్కించుచునే యుండెను. విష్ణుపురము దాటి కృష్ణ కనబడినపుడు మాత్రము లెక్క మఱచెను.

గోదావరి వంతెనపైకి వచ్చుసరికి ప్రొద్దు వాలుచుండెను. పెట్టెలోని స్త్రీలెల్లరును చిల్లరడబ్బులు తీసి నదిలో వేసిరి. ప్రక్కనే పాత హేవలాకు వంతెన యున్నది. అది 1900 మొదలు 1997 వఱకు బండ్లను మోసినదని చెప్పితిని. "అయితే దీనికి తొంభై ఏడేళ్ళకు సెలవు దొరికిందండీ!" అని యామె నవ్వెను.

రాజమహేంద్రవరమున రెండు దినములుంటిమి. వీరేశలింగముగారి గృహమును చూచితిమి. 1881 డిసెంబరు 11వ తేదీని జరిగిన మొదటి వితంతు వివాహమును గూర్చి నేనామెకు చెప్పితిని. వెలికి వెఱచి వంటవారును పనివారును మానివేయగా రాజ్యలక్ష్మమ్మగారు తామే నీళ్లు మోసి, తామే వండి వడ్డించిరనియు చెప్పితిని. నా భార్య చాలసేపు మాటాడలేదు. తరువాత, "ఆవిడ ఎప్పుడైనా ఊరికే కూర్చున్నారా అండీ?" అని యడిగెను. వీరేశలింగముగారి చరిత్రను ఏటేట పిల్లలకు బోధించు నాకు ఆ ప్రశ్నకు సమాధానము ఏ పుస్తకమునందును కనబడలేదు. 1910లో ఆమె గతించినదని మాత్రము చెప్పగలిగితిని.

సామర్లకోటలో భీమేశ్వరాలయము చూచి స్టేషనులో ఇడ్లీలు తింటిమి. ఉప్పు తక్కువయని నా భార్య మిక్కిలి సంతోషముతో చెప్పెను. తక్కువ వేసినది తాను గాదు గదా! అక్కడినుండి విశాఖపట్టణమునకు పోవు బండిలో మా యెదుట నొక వృద్ధదంపతులు కూర్చుండిరి. పూర్వము అఱువది నిండిన పురుషులకు నూటికి 40, ఏబదియెనిమిది నిండిన స్త్రీలకు నూటికి 50 వంతున రైలు కూలి తగ్గించెడివారు. 2020 మార్చిలో దానిని నిలిపివేసిరి. బిడ్డల పెండ్లిండ్లయి బరువు దిగిన పిమ్మటనే గదా మన దంపతులకు తీరిక! ఆ తీరికమీదనే యీ దెబ్బ పడుట న్యాయముగా తోచలేదు.

అరకు దారి మాలెగు దారికి తీసిపోదు. బైలదిల్లా గనుల యినుపరాతిని జపానున కెగుమతి చేయుటకై 1960ల దశకమున నిర్మించిన దారి యిది. మనుష్యుల వినోదము దాని నిర్మాతల మనసున నుండియుండదు. శృంగవరపుకోట దాటినపిదప బండి కొండలనెక్కుచు సొరంగము వెంట సొరంగము దూఱును. చీకటి యైనప్పుడెల్ల పిల్లలు కేకలు వేయుచుండిరి. మూడవ సొరంగమునుండి నా భార్యయు వారితో గొంతు కలిపెను. బొఱ్ఱా గుహల స్టేషను దాటి, సముద్రమట్టమునకు 996 మీటర్ల యెత్తున నున్న సిమిలిగుడ చేరుసరికి చల్లగాలి కొట్టుచుండెను. ఆమె కిటికీకి చేరగిలి, చేతులు ఒడిలో పెట్టుకొని కూర్చుండెను. సామానుల మాటయే తలపెట్టలేదు.

ఆ రాత్రి అరకులో, "రేపు మనకు ఏ పనీ లేదు కదండీ?" అని యడిగెను. లేదంటిని. మఱునాడు ఎనిమిది గంటలకు గాని లేవలేదు.