కప్పులో పట్టని బ్రెడ్డు

భార్య ఇల్లు వదిలి వెళ్లిన మర్నాడు టెడ్ క్రేమర్ కొడుక్కి ఫ్రెంచ్ టోస్ట్ చేయబోతాడు. గిన్నెకు బదులు కాఫీ కప్పులో గుడ్డు కొడతాడు. పెంకూ అందులోనే పడుతుంది. బ్రెడ్డు పట్టకపోతే మడిచి కుక్కుతాడు. చివరికి పెనం పట్టుకుని చెయ్యి కాల్చుకుంటాడు. చిన్నారి బిల్లీ అంతా చూస్తూనే ఉంటాడు.

రాబర్ట్ బెంటన్ 1979లో తీసిన ‘క్రేమర్ వర్సెస్ క్రేమర్’కి ఉత్తమ చిత్రంతో కలిపి 5 ఆస్కార్లు వచ్చాయి. టెడ్‌గా చేసిన డస్టిన్ హాఫ్‌మన్‌కీ, అతని భార్య జోవానాగా చేసిన మెరిల్ స్ట్రీప్‌కీ అవే తొలి ఆస్కార్లు. బిల్లీగా చేసిన జస్టిన్ హెన్రీ ఎనిమిదేళ్లకే నామినేషన్ కొట్టేశాడు.

ఇందులో విలన్ లేడు.

అదే ఇబ్బంది కూడా. ఎవరో ఒకరిని తిట్టుకుని ఇంటికి పోదామంటే కుదరదు. ఏడాది దాటాక జోవానా తిరిగొచ్చి కొడుకు కావాలంటుంది. కోర్టులో ఆమె చెప్పుకునే మాటలను స్ట్రీప్ స్వయంగా తిరగరాసింది. నువ్వు ఓడిపోయావు కదా అని టెడ్ లాయరు ఆమెను నిలదీస్తుంటే, ఎదుట కూర్చున్న టెడ్ కాదన్నట్టు తలాడిస్తాడు. గెలవాల్సిన కేసులో ఆ తల ఊపు ఎవరి పక్షం?

తీర్పు తల్లికే వస్తుంది. బిల్లీ వెళ్లాల్సిన రోజు పొద్దున మళ్లీ అదే వంటిల్లు, అదే టోస్ట్. ఈసారి పెంకు పడదు, చెయ్యి కాలదు. ఒకరు గుడ్డు గిలక్కొడితే ఒకరు బ్రెడ్డు అందిస్తారు. ఇద్దరూ ఒక్క మాటా మాట్లాడుకోరు.